రావి మొక్క పీకే డబ్బు

నిధులు, కేటాయింపులు, పద్దులు అనగానే పేజీ తిప్పేసేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఈ ఒక్కసారికి తిప్పకండి. చలి గట్టిగానే ఉంది, కుంపటి రాజుకుంటోంది, కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. మాట డబ్బు గురించే అయినా, అది తిరిగేదంతా మన పాత గుళ్ల చుట్టూ, నల్లమల చుట్టూనే.

ముందు ఒక రావి మొక్క సంగతి చెబుతాను.

ఈసారి ఏదైనా పాత గుడికి వెళ్తే, దణ్ణం పెట్టుకుని బయటికొచ్చాక ఒక్క నిమిషం తలెత్తి కప్పు అంచు చూడండి. రెండు రాళ్లు కలిసేచోట, సున్నం ఊడిన సందులో, రెండాకులు వేసుకుని ఓ రావి మొలక కనిపించవచ్చు. ఏ కాకో గోరింకో పండు తిని రెట్ట వేస్తే, అందులో గింజ తొలకరికి మొలిచింది. ఆ ఏడు దాన్ని పీకడానికి రెండు వేళ్లు చాలు. మరుసటి ఏడు వేరు సందులోకి దిగుతుంది. అప్పుడు లాగితే పైన తెగుతుంది గానీ వేరు రాదు, వానలకు మళ్లీ చిగురిస్తుంది. ఐదారేళ్లకు వేరు లావెక్కి రాయిని పక్కకు తోస్తుంది. ఆ సందులోంచి నీళ్లు గోడ లోపలికి దిగుతాయి, గోడ గర్భంలో కూరిన మట్టి మెల్లగా కొట్టుకుపోతుంది. ఇంకో పదిహేనేళ్లకు ఇంజనీర్లు వచ్చి, కప్పంతా విప్పి మళ్లీ పేర్చాలని తేలుస్తారు.

మొదటి ఏడాది అయ్యే ఖర్చు ఒక మనిషి, ఒక నిచ్చెన, ఒక పూట కూలి. చివరి ఏడాది అయ్యే ఖర్చు కోట్లు. ఆ కోట్లు ఆలస్యంగానైనా ఎక్కడో ఒకచోట పుడతాయి. ఆ పూట కూలి మాత్రం ఏ పద్దులోనూ దొరకదు. నాకున్న బాధల్లా ఇదే.

హనుమకొండ వేయిస్తంభాల గుడి మీకు తెలుసు కదా. 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించింది. గుడి ఎదుట ఉన్న కల్యాణ మండపం పునాది కుంగి, స్తంభాలు ఒరిగితే, 2006లో దాన్ని విప్పడం మొదలుపెట్టారు. ప్రతి రాయికీ అంకె వేసి, పక్కన పేర్చి పెట్టారు. అలా విప్పిన మండపాన్ని మళ్లీ భక్తులకు తెరిచింది 2024 మార్చి 8న, మహాశివరాత్రి నాడు. విప్పేటప్పుడు ఒకటో తరగతిలో చేరిన వరంగల్ పిల్ల, తెరిచేనాటికి డిగ్రీ ముగించి ఉద్యోగం వెతుక్కుంటూ ఉంటుంది. తన బాల్యమంతా ఆమె చూసింది అంకెలు వేసిన రాళ్ల కుప్పనే. పనిచేసిన స్థపతులకు, శిల్పులకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాలి. ఏ రాయి ఏ రాయి మీద కూర్చోవాలో వెతికి, పగిలినదాని స్థానంలో కొత్తది చెక్కి, పాతదానితో కలిపి నిలబెట్టడం మామూలు పని కాదు. కానీ ఆ పద్దెనిమిదేళ్లూ శిల్పం కోసమే పట్టాయా? పని ఆగడం, సాగడం, మళ్లీ ఆగడం ఆ ఊళ్లో అందరూ చూసిందే.

కేంద్రం చేతిలో ఉన్న ఇలాంటి గుళ్లను చూసుకునేది భారత పురావస్తు సర్వే సంస్థ. 1861లో అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ మొదటి అధిపతిగా పుట్టింది. దాని చేతిలో దేశమంతటా 3,600కు పైగా కట్టడాలున్నాయి. 2024-25 కేంద్ర బడ్జెట్లో దానికి ఇచ్చింది దాదాపు 1,270 కోట్లు. వినడానికి పెద్ద మొత్తమే. కట్టడాల లెక్కన పంచి చూడండి, ఒక్కోదానికి 35 లక్షల చొప్పున పడుతుంది. ఆ 35 లక్షల్లోనే ఢిల్లీ నుంచి జిల్లా దాకా జీతాలు, మ్యూజియాలు, తవ్వకాలు, అన్నీ. తీసేయాల్సినవన్నీ తీసేశాక, ఎక్కడో కడప జిల్లాలో ఒంటరిగా ఉన్న చిన్న గుడి కప్పు మీదికి ఎక్కే మనిషికి మిగిలేదెంతో మీరే ఊహించుకోండి.

కాపలా సంగతి 2022లో పార్లమెంటు స్థాయీ సంఘమే బయటపెట్టింది. 3,693 కట్టడాల్లో కాపలాదారులున్నవి 248 మాత్రమే. కావలసిన మనుషులు ఏడు వేలైతే, డబ్బు చాలక పెట్టగలిగింది రెండున్నర వేల పైచిలుకు. దానికి ముందే, 2013లో కాగ్ తనిఖీ చేసి 92 కట్టడాలు ఉండాల్సిన చోట లేవని తేల్చింది. తర్వాత వెతగ్గా కొన్ని దొరికాయి. చివరికి యాభై మిగిలాయి. వాటిలో 14 ఊళ్లు పెరిగి కలిసిపోయాయి, 12 జలాశయాల్లో మునిగిపోయాయి, 24 ఏమయ్యాయో ఆనవాలే దొరకలేదు. ఆ ఇరవై నాలుగులో సమాధులున్నాయి, శాసనాలున్నాయి. రోజూ ఒక మనిషి వెళ్లి చూసి వచ్చే చోటు అయితే శాసనం అలా మాయమవుతుందా?

ఇంకో సంగతి. గోల్కొండ కోటకో చార్మినార్‌కో వెళ్తే పాతిక రూపాయల టికెట్టు కొంటాం. పదిహేనేళ్లలోపు పిల్లలకు అదీ అక్కర్లేదు. ఆ పాతికా ఆ కోట గోడకే వెళ్తుందని చాలామంది అనుకుంటారు. వెళ్లదు. నేరుగా కేంద్ర ప్రభుత్వ సంఘటిత నిధిలో జమ అవుతుంది. తిరిగి కోటకు ఎంత రావాలన్నది మళ్లీ బడ్జెట్లో ఢిల్లీ తేల్చాలి. గోల్కొండకు ఈ ఏడు జనం రెట్టింపు వచ్చారనుకోండి, ఆ తొక్కుడుకు మెట్లు రెట్టింపు అరుగుతాయి, కానీ మెట్లు బాగుచేసే డబ్బు దానంతట అది పెరగదు.

అడవిలో పద్ధతి వేరుగా ఉంది. 2006లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించినప్పుడు, ప్రతి టైగర్ రిజర్వుకూ ఒక పులుల సంరక్షణ ఫౌండేషన్ ఉండాలన్నారు. సందర్శకుల దగ్గర వసూలైన డబ్బు దాంట్లోకే వెళ్తుంది, అక్కడే ఖర్చవుతుంది. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర బండికి రుసుము కట్టించుకుంటారు కదా, దాని వెనక ఉన్న ఆలోచన కూడా అదే. మనం దారి పొడుగునా పారేసిన ప్లాస్టిక్ సీసాలు ఏరడానికి మనిషి కావాలి, ఆ మనిషికి కూలి కావాలి.

మరి గుళ్లకూ కోటలకూ ఇదే పద్ధతి పెడితే? పెట్టాలనే నేనంటాను, కానీ మొత్తం కాదు. టికెట్టు ఉన్న కట్టడాలు దేశంలో నూట నలభై పైచిలుకే. తాజ్‌మహల్ డబ్బు తాజ్‌మహల్‌కే, గోల్కొండ డబ్బు గోల్కొండకే అన్నామంటే, టికెట్టు లేని మూడున్నర వేల చోట్లకు దిక్కెవరు? అందుకని సగం అక్కడే ఉంచి, మిగతా సగం ఆదాయం లేనివాటికి పంచితే న్యాయంగా ఉంటుంది. ఇందులో బ్రహ్మవిద్యేమీ లేదు, కావలసింది ఒక చట్ట సవరణ.

ఇక అడవిలోకి రండి. నల్లమలలో సంక్రాంతి దాటాక ఆకు రాలుతుంది. ఫిబ్రవరి నాటికి బోద గడ్డి ఎండి నిలువెత్తున నిలబడి ఉంటుంది. ఒక్క బీడీ ముక్క చాలు. అందుకే అంతకు ముందే ఫైర్ లైన్లు తీయాలి. దారికి రెండు పక్కలా గడ్డి కోసి, రాలిన ఆకు ఊడ్చి, కొన్ని చోట్ల మనుషులు చుట్టూ నిలబడి జాగ్రత్తగా ముందే కాల్చేసి, నేల కనబడేలా ఒక బాట చేస్తారు. మంట అక్కడిదాకా వచ్చి, తినడానికి ఏమీ లేక ఆగిపోతుంది. పైగా శివరాత్రికీ ఉగాదికీ కన్నడ దేశం నుంచి కూడా వేలమంది భక్తులు అడవి దారిన శ్రీశైలానికి నడిచి వెళ్తారు, దారిలో వంటలు చేసుకుంటారు. కాబట్టి ఆ లైను శివరాత్రికి ముందే తయారు కావాలి. తర్వాత తీస్తే అది ఎందుకూ పనికిరాదు.

ఇప్పుడు డబ్బు ఎలా వస్తుందో చూడండి. టైగర్ రిజర్వు ముందు వార్షిక కార్యాచరణ ప్రణాళిక రాసుకోవాలి. అది రాష్ట్రం దాటి ఢిల్లీలోని జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థకు వెళ్లాలి. ఆమోదం రావాలి. కేంద్రం వాటా వాయిదాల్లో విడుదలవుతుంది. కొన్ని పనులకు కేంద్రం అరవై, రాష్ట్రం నలభై, ఏటేటా ఉండే పనులకు చెరి సగం. రాష్ట్రం తన వాటా జత చేయాలి. పాత డబ్బు ఖర్చు చేసినట్టు పత్రాలు (యూసీలు) పంపితే తప్ప కొత్త వాయిదా రాదు. ఇందులో ఏ ఒక్క కాగితం ఆగినా, ఏప్రిల్‌లో మొదలైన సంవత్సరంలో డబ్బు రేంజి ఆఫీసుకు చేరేసరికి మార్చి అవుతుంది. మార్చి నెలాఖరుకల్లా ఖర్చు పెట్టేయాలి, లేకపోతే మురిగిపోతుంది. గడ్డి మాత్రం మార్చి దాకా ఆగదు కదా.

ఆ అడవిని కాసేది ఎవరనుకున్నారు? బేస్ క్యాంపుల్లో ఉండే ప్రొటెక్షన్ వాచర్లు. చాలామంది చెంచులు. చిన్న షెడ్డు, నాలుగు గిన్నెలు, ఒక వైర్‌లెస్ సెట్టు. పొద్దున్నే లేచి కొండవాగుల వెంట నడుస్తారు. అడుగు చూసి, ఇది నిన్న రాత్రి వెళ్లిన పులో, మొన్నటిదో చెప్పేస్తారు. ఎండాకాలం సాసర్ పిట్లలో నీళ్లున్నాయో లేదో చూసేదీ వాళ్లే, వేటగాళ్ల ఉచ్చులు వెతికి తీసేదీ వాళ్లే. వాళ్ల జీతం మూణ్ణెల్లు ఆలస్యమైతే ఇంట్లో పొయ్యి వెలగదు, అయినా క్యాంపు వదలరాదంటాం. అది ఎంత అన్యాయం! పులి బొమ్మ వేసిన పోస్టరుకు అయ్యే ఖర్చు కన్నా ముందు వీళ్ల జీతం నెల తిరిగేసరికి పడాలి. 2025-26లో దేశంలోని పులులకు, ఏనుగులకు కలిపి కేంద్రం చూపిన మొత్తం 290 కోట్లు. టైగర్ రిజర్వులే 58 ఉన్నాయి. ఏనుగుల్ని పక్కన పెట్టినా, ఒక్కో రిజర్వుకు ఐదు కోట్లు. వాటిలో మన నల్లమలలోని ఒక్క అమ్రాబాద్ రిజర్వు కోర్ ప్రాంతమే రెండు వేల చదరపు కిలోమీటర్లకు పైగా ఉంది.

అడవికి మరో దారిన కూడా డబ్బు వస్తుంది. దాని పేరు కాంపా. గనికో, ఆనకట్టకో, రోడ్డుకో అడవి ఇచ్చినప్పుడు, తీసుకున్నవాళ్లు పరిహారం కట్టాలి. సుప్రీంకోర్టు చొరవతో పోగైన ఆ సొమ్మును పంచడానికి 2016లో చట్టం వచ్చింది, 2019 ఆగస్టులో 27 రాష్ట్రాలకు 47,436 కోట్లు బదిలీ చేశారు. పులుల పద్దు కన్నా ఎన్నో రెట్లు. ఆ డబ్బుతో మంచి పనులు జరుగుతున్నాయి, కాదనను. అయినా నాకు మనసు ఒప్పదు. ఒకచోట అడవి పోతేనే ఇంకోచోట అడవిని కాపాడే డబ్బు వస్తుందంటే, అడవిని కాపాడటం ప్రభుత్వం సొంత బాధ్యత అన్న మాట పలచబడిపోతుంది. కాంపా ఉండనీయండి. అది కొసరుగా ఉండాలి, అసలు మాత్రం బడ్జెట్ నుంచే రావాలి.

రామప్ప దగ్గరకు వద్దాం. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి. 2021 జులై 25న ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కినప్పుడు మనమంతా పండగ చేసుకున్నాం. ఇక డబ్బుకు లోటుండదని అప్పుడు చాలామంది అన్నారు. నిజానికి ఆ గుర్తింపుతో పాటు యునెస్కో నుంచి డబ్బు మూట రాదు. వచ్చేది పేరు, దాంతో పాటు నియమాలు, జనం. ఖర్చంతా మన ప్రభుత్వాలదే. 2022 డిసెంబరులో ప్రసాద్ పథకం కింద అక్కడ యాత్రికుల సదుపాయాలకు 62 కోట్ల పనులకు రాష్ట్రపతి శంకుస్థాపన చేశారు. 2024 నవంబరులో రామప్ప ప్రాంతానికి మరో 73.74 కోట్లు, అటు గండికోటకు 77.91 కోట్లు మంజూరయ్యాయి. ఈ రెండోవి రాష్ట్రాలకు ఇచ్చిన యాభై ఏళ్ల వడ్డీలేని రుణాలు.

సంతోషమే. రామప్ప గుడి ఉన్న పాలంపేటకు వచ్చే ముసలివాళ్లకు కూర్చునే చోటు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉండాలి. కానీ ఇవన్నీ కట్టడానికి ఇచ్చే డబ్బులు. కట్టాక ఆ మరుగుదొడ్డి కడిగే మనిషి జీతం, తాగునీటి మోటారు రిపేరు, దీపాల కరెంటు బిల్లు ఈ మొత్తాల్లో ఉండవు. అవి రాష్ట్రమే చూసుకోవాలి. పెంకుటిళ్లున్న రోజుల్లో మన పెద్దలు ఎంత ఇబ్బందిలో ఉన్నా తొలకరికి ముందు పెంకు సర్దించడం మానేవారు కాదు. కొత్త వసారా దించుకోవడం డబ్బున్న ఏడాది చూసుకునేవారు. మన పద్దుల్లో ఈ వరస తిరగబడింది. శంకుస్థాపన రాయి వేయగలిగే పనికి డబ్బు ముందు, రాయి మీద పేరు పట్టని పనికి తర్వాత.

డబ్బుంటేనే అంతా బాగుంటుందని కూడా అనను. తొందరలో ఖర్చుపెట్టిన డబ్బు చేసిన చెరుపు మన ఊళ్లలో కళ్ల ముందే ఉంది. శాసనాల మీద ఎనామిల్ పెయింటు, వందల ఏళ్ల రాతి నేల మీద పాలిషు గ్రానైటు పలకలు, సున్నపు గోడకు సిమెంటు. సున్నం గోడ చెమ్మను పీల్చుకుని వదులుతుంది. పైన సిమెంటు మెత్తితే ఆ చెమ్మ లోపలే ఉండిపోయి గోడను కుళ్లబెడుతుంది. హైదరాబాద్ కుతుబ్ షాహీ సమాధుల మీద ఇరవయ్యో శతాబ్దంలో మెత్తిన సిమెంటును ఒలిచి, మళ్లీ సున్నంతో పూత వేయడానికే ఎంతో శ్రమ పట్టింది. ఆగా ఖాన్ సాంస్కృతిక ట్రస్టు, రాష్ట్ర పురావస్తు శాఖ కలిసి 2013లో ఒప్పందం చేసుకుని, 2024 జులై దాకా విడవకుండా పనిచేశాయి. వానలకు ఒక పక్క కూలిన బడీ బావోలీని మళ్లీ లేపారు. ఇప్పుడు వెళ్లి చూడండి, బావిలో నీళ్లున్నాయి. పదకొండేళ్లు డబ్బు తెగకుండా వచ్చింది, పని తెలిసిన మేస్త్రీలు మధ్యలో చెదిరిపోలేదు. అందుకే అయింది. ఒక ఏడు పనిచ్చి రెండేళ్లు ఆపితే, సున్నం నూరే మేస్త్రీ బతుకుతెరువుకు అపార్టుమెంటు పనికి వెళ్లిపోతాడు, మళ్లీ దొరకడు.

మన ప్రభుత్వాలకు చేతకాదని మాత్రం అనకండి. నాగార్జునకొండ లోయ మునిగిపోతుందని తెలిసినప్పుడు, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వారు. 1955 డిసెంబరులో ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. ఒకపక్క ఆనకట్ట లేస్తుంటే, ఇంకోపక్క ఇక్ష్వాకుల నాటి కట్టడాల్ని రాయి రాయిగా, ఇటుక ఇటుకగా ఎత్తి కొండ మీదికీ అనుపుకీ చేర్చారు. అప్పటికి మనది డబ్బున్న దేశం కాదు, తిండిగింజలకే బయటి దేశాల వైపు చూస్తున్న రోజులవి. అయినా ఆ పని గడువు లోపల అయింది. నీళ్లు గడువు ఇవ్వవు కాబట్టి డబ్బు వేళకు వచ్చింది. ఆ తర్వాత శ్రీశైలం ఆనకట్టప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తెచ్చి నిలబెట్టారు. వీటిని తలచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది. రావి వేరు కూడా గడువు ఇవ్వదు. కాకపోతే నీళ్లలా కంటికి కనబడదు.

ఇంతసేపు కూర్చోబెట్టాను కాబట్టి మీకో పని అప్పగిస్తాను. మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో పాత గుడి, కోట, బావి ఏదైనా ఉంటే దాని దగ్గర బోర్డు చూడండి. కేంద్రానిదో, రాష్ట్ర పురావస్తు శాఖదో, దేవాదాయ శాఖదో దాని మీద ఉంటుంది. తెలంగాణలో కేంద్రం చేతిలో ఉన్నవి కొద్దే, ఎక్కువ భాగం రాష్ట్రానివే. సమాచార హక్కు చట్టం కింద ఆ శాఖకు ఒక కాగితం రాయండి. కేంద్ర శాఖకైతే ఫీజు పది రూపాయలు, జవాబుకు ముప్ఫై రోజులు. రెండే ప్రశ్నలు అడగండి. గడిచిన మూడేళ్లలో ఈ కట్టడం నిర్వహణకు ఎంత ఇచ్చారు? ఏ నెలలో ఇచ్చారు? రెండోది మరిచిపోకండి. జవాబు వచ్చాక నాకు పంపండి, ఊరి పేరుతో సహా ఇక్కడే మాట్లాడుకుందాం.